గీసిన చేయి, తరలిపోయిన నమూనా

శ్రీకాళహస్తిలో ఒక కలంకారీ కళాకారుడు తాను చిత్రించిన తెరను అమ్మినప్పుడు నిజానికి ఆయన అమ్మినది ఏది? బట్ట అని ఒకరు, దానిపై వెచ్చించిన పనిదినాలని మరొకరు చెప్పవచ్చు. కాని ఆ బట్టమీద ఒక గీతల కూర్పు ఉన్నది. లత ఎక్కడ మలుపు తిరగాలో, నెమలి మెడ ఎంత వంగాలో, అంచుకూ నడిమి బొమ్మకూ మధ్య ఎంత ఖాళీ విడవాలో నిర్ణయించిన ఊహ ఉన్నది. వ్యాపారులు దానిని నమూనా అనీ, డిజైన్ అనీ అంటారు. బట్టతోపాటు ఆ నమూనా కూడా కొన్నవారి సొత్తు అయిపోతుందా? లేక గీసినవారి వద్దనే నిలిచివుంటుందా?

ఏ యజమాని వద్దనూ జీతానికి పనిచేయక, తన ఊహతో తానే బొమ్మలు గీసి, తానే వాటిని అమ్ముకొని బ్రతికే కళాకారులు నేడు దేశంలో ప్రతి పట్టణంలోనూ కనిపిస్తారు. కొందరు చేతితో గుడ్డమీదా కాగితంమీదా పనిచేస్తారు. కొందరు కంప్యూటర్ తెరమీద గీస్తారు. ఎక్కువమంది రెండూ చేస్తారు: కాగితంమీద కలంతో గీసి, దానిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, చీర అంచుగానో పుస్తకపు అట్టగానో శుభలేఖగానో మార్చి అమ్ముతారు. ఈ కళాకారులను వేధించే కష్టాలలో పెద్దది పైన చెప్పిన ప్రశ్నే. చేతిపని గొప్పదా, కంప్యూటర్ పని గొప్పదా అనే వాదానికి సభలలో లభించే ఆదరణ దీనికి లభించడం లేదు.

స్వతంత్రంగా అమ్ముకొనడం మన చిత్రకళలో కొన్ని శాఖలకు కొత్త. తెలంగాణలోని చేర్యాల నకాషీ చిత్రకారులనే తీసుకొనవచ్చు. ఖద్దరు బట్టకు చింతగింజల అంబలి, సుద్దమట్టి, జిగురు కలిపి పూతలు పూసి, ఆరిన తర్వాత ఎర్రని నేపథ్యంమీద కథను అడ్డవరుసలుగా చిత్రించేవారు. మూరల కొద్దీ సాగే ఆ పటాలను వారు బజారులో అమ్మలేదు. పటం చూపి కథ చెప్పే బృందాలవారు వచ్చి ప్రత్యేకంగా వ్రాయించుకొనేవారు. పద్మశాలీలకు మార్కండేయ పురాణం వినిపించే కూనపులివారికి ఒక పటం, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారికి మరొక పటం. ఎవరికి ఏ కథ కావాలో, ఎవరు ఎంత ఇవ్వాలో ముందే ఏర్పాటై ఉండేది. సినిమా, ఆ తర్వాత టెలివిజన్ వచ్చి కథకుల శ్రోతలను లాగికొనిపోయినప్పుడు చిత్రకారులకు ఆశ్రయం పోయింది. పటం చిన్నదై గోడకు తగిలించే బొమ్మగా మారింది. రంపపుపొట్టు, చింతగింజల ముద్దతో చేసే ముఖాకృతులు, బొమ్మలు దుకాణాలకు చేరినవి. స్వాతంత్ర్యం అనే మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది. అది నకాషీ కుటుంబాలకు ఆశ్రయం తప్పిన పిమ్మట వచ్చి పడిన స్వాతంత్ర్యం.

కోస్తాలో స్థితి వేరు. అక్కడ బొమ్మల బట్టకు సముద్రాంతర విపణి ఏనాటినుంచో ఉన్నది. కలంకారీ అనే పేరులోని కలం, కారీ రెండూ పారసీక పదాలే. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు. మచిలీపట్నం, పెడన ప్రాంతాలలో చెక్కిన అచ్చులతో అద్దుతారు. పదిహేడవ శతాబ్దిలో ఈ తీరపు రంగుబట్టలు ఇరాన్‌కూ యూరప్‌కూ ఓడలలో తరలిపోయేవి. ఐరోపా వర్తక సంఘాలు తమ దేశపు అభిరుచికి తగిన నమూనాలను ఇక్కడికి పంపి, వాటి ప్రకారం వ్రాయించుకొనేవి. ఆ బట్టల వెల్లువకు అక్కడి నేతగాండ్రు, వర్తకులు బెదిరిపోయారు. ఫ్రాన్స్ 1686లో ఈ అద్దకపు బట్టలను నిషేధించింది. ఇంగ్లండ్ 1700లో ఒక చట్టం, 1721లో అంతకంటె కఠినమైన మరొక చట్టం చేసింది.

ఇంతగా ఆకర్షించిన ఆ పనిలో రహస్యం ఏమిటి? గీతలో కొంత, రంగులో కొంత. కోరా బట్టను ముందుగా కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో నానవేసి ఆరబెడతారు. పాలలోని కొవ్వు రంగును అదుపులో ఉంచి గీత చెదరకుండా కాపాడుతుంది. వెదురుపుల్ల మొన చెక్కి, మొనకు కాస్త పైన ఉన్ని చుట్టి దారంతో బిగిస్తే అదే కలం. ఉన్ని రంగును పీల్చుకొంటుంది. చేయి దానిని నొక్కినకొద్దీ రంగు మొనకు దిగుతుంది. బెల్లపు నీటిలో ఇనుపముక్కలు రోజుల తరబడి నానవేస్తే వచ్చే పులిసిన ద్రవం కరక్కాయ పట్టించిన బట్టకు తగలగానే నల్లబడుతుంది. ఎరుపు కావలసిన చోట పటిక నీరు పూస్తారు. పూసినప్పుడు రంగు కనిపించదు. చిరివేరువంటి వేళ్ళు, చెక్కలు వేసి మరిగించిన నీటిలో ఆ బట్టను ముంచినప్పుడు పటిక తగిలిన చోట మాత్రమే ఎరుపు నిలుస్తుంది. ప్రతి దశకూ ఒక ఉతుకు, ఒక ఎండ కావలసిందే. స్వర్ణముఖి పారే నీరూ, ఒడ్డున ఇసుకా ఈ పనిలో పనిముట్లవంటివే.

ఈ పద్ధతి మొత్తం 1742లో ఒక ఉత్తరరూపంలో ఫ్రాన్స్ చేరింది. వ్రాసినవాడు కోర్దూ అనే జెసూట్ మతగురువు. తెలుగు, సంస్కృత, ఫ్రెంచి పదాలతో నిఘంటువు కూర్చిన పండితుడు. సంస్కృతానికీ లాటిన్, గ్రీకు భాషలకూ ఉన్న పోలికను గుర్తించిన తొలివారిలో ఒకడు. బట్టలకు రంగులు వేసే పనివారిలో క్రైస్తవమతం స్వీకరించినవారిని అడిగి తెలుసుకొని, దశలవారీగా వివరించాడు. ఆ ఉత్తరం అచ్చయింది. తర్వాత 1760లో ఓబర్‌కాంఫ్ పారిస్ సమీపాన జూయీ అనే ఊరిలో నెలకొల్పిన అద్దకపు కర్మాగారం జగత్ప్రసిద్ధమైంది. ఒక్క ఉత్తరమే ఫ్రెంచి పరిశ్రమను నిర్మించిందనడం అతిశయోక్తి. ఇతర మార్గాలలోనూ ఈ జ్ఞానం అక్కడికి చేరింది. అయితే తమ విద్యను చెప్పిన ఆ రంగులవారి పేర్లు లోకానికి తెలియకుండా పోయినవి. కోర్దూ పేరు మాత్రం నిలిచింది.

నమూనా గీసినవారి చేయి దాటి పోవడం యంత్రంతోనే మొదలైనదని భావించేవారికి ఈ చరిత్ర సమాధానం. యంత్రం ఆ వేగాన్ని పెంచినది.

చిత్రకారుడు తానే యంత్రాన్ని చేపట్టిన సందర్భమూ ఉన్నది. రాజా రవివర్మ 1894లో బొంబాయిలో రాతి అచ్చు ముద్రణాలయం స్థాపించాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాయి సిద్ధం చేసి, ఒకదానిపై ఒకటి అద్ది, తైలవర్ణ చిత్రాన్ని తలపించే పటాలు తీసేవారు. సంస్థానాధీశుల మందిరాలలో వ్రేలాడిన లక్ష్మీ సరస్వతులు ఈ విధంగా సామాన్యుల పూజగదికి వచ్చారు. వర్తకంగా మాత్రం అది ఆయనకు కలిసిరాలేదు. అప్పులు పెరిగి, ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో ముద్రణాలయాన్ని అక్కడే పనిచేసిన జర్మన్ నిపుణుడు ష్లైషర్‌కు విక్రయించవలసివచ్చింది. చిత్రాలను మళ్ళీ మళ్ళీ ముద్రించుకొనే హక్కు కూడా ఆ విక్రయంలో భాగమే. కాలెండర్లమీద, అగ్గిపెట్టెల కాగితాలమీద ఆ బొమ్మల అనుకరణలు వెలిసినవి. గొప్ప చిత్రకారుడు గొప్ప వర్తకుడు కావాలన్న నియమం లేదు. లెక్కలు చూచే బాధ్యత కూడా తనపైనే ఉన్న స్వతంత్ర కళాకారునికి ఇది తెలిసివుండడం మంచిది.

వంగదేశంలో జామినీ రాయ్ వేరొక మార్గం త్రొక్కాడు. 1887లో బాంకురా జిల్లా బేలియాతోడ్ గ్రామంలో పుట్టిన ఈయన కలకత్తా కళాశాలలో పాశ్చాత్య పద్ధతి నేర్చి, దానిని విడిచి, గ్రామీణ పటచిత్రకారుల బాటకు మళ్ళాడు. తైలవర్ణాలు మాని మట్టిరంగులు, ఆకురసాలు వాడాడు. ఒక బొమ్మ ఒక్కటే ఉండాలి, అప్పుడే దానికి విలువ అనే సూత్రాన్ని ఆయన అంగీకరించలేదు. ఒకే రూపాన్ని పలుమార్లు గీసి, ఇంటివారి సహాయం తీసుకొని, మధ్యతరగతివారు కొనగల ధరకు ఇచ్చాడు. ప్రభుత్వం 1976లో ఆయన కృతులను దేశం దాటి పోరాని కళానిధులుగా ప్రకటించింది. అచ్చుయంత్రం లేకుండానే ప్రతులు చేసి అమ్మిన ఈ కళాకారుడు తన సంతకం చేజారనివ్వలేదు. ఆ సంతకం ఎంత విలువైనదంటే నకిలీ జామినీ రాయ్ చిత్రాలు చేయడమే కొందరికి వృత్తి అయింది.

సంతకం అన్నమాటే ఎరుగని కళకు సంతకం ఎలా వచ్చిందో మిథిల చెబుతుంది. ఉత్తర బీహారులోను, సరిహద్దుకు ఆవల నేపాల్ తరాయిలోను మైథిలీ మాట్లాడే ఇళ్ళలో స్త్రీలు గోడలమీద, ముఖ్యంగా వధూవరుల కోహ్‌బర్ గదిలో, వెదురు, తామర, చేప, చిలుక బొమ్మలు వేసే ఆచారం తరాలనాటిది. 1934లో బీహారు భూకంపం ఇళ్ళ గోడలను కూల్చినప్పుడు ఆర్చర్ అనే ఆంగ్లేయ అధికారి ఆ లోపలి బొమ్మలను చూచి ఫోటోలు తీశాడు. 1949లో మార్గ్ పత్రికలో వాటిని గురించి వ్రాశాడు. అప్పటికీ అవి అమ్మకపు వస్తువులు కావు. 1966, 67 సంవత్సరాల కరవులో జనం పస్తులుండగా, 1952లో ఏర్పడిన అఖిల భారత హస్తకళల మండలి (ఇది 2020లో రద్దయినది) పక్షాన పుపుల్ జయకర్ బొంబాయి చిత్రకారుడు భాస్కర్ కులకర్ణిని మధుబని పంపారు. గోడమీద వేసేదే కాగితంమీద వేయండి, కొంటాము అన్నదే ఆ ఏర్పాటు. కరవు పనిగా రాళ్ళు కొట్టించడానికి బదులు బొమ్మలు వేయించడమన్నది ఆనాటికి సాహసమే.

గోడమీది బొమ్మను ఇంటి స్త్రీలందరూ కలిసి వేస్తారు; దాని క్రింద పేరుండదు. కాగితం అలా కాదు. అది ఒకరి చేతినుంచి వస్తుంది, ఒకరికి డబ్బు చేరాలి. పేరు అవసరమైంది. కొన్ని సంవత్సరాలలోనే జగదంబాదేవి, సీతాదేవి, గంగాదేవి అనే పేర్లు దేశానికి పరిచయమైనవి. వరుసగా 1975, 1981, 1984లలో వారికి పద్మశ్రీ లభించింది. గంగాదేవి సన్నని గీతలతో పనిచేసే కచ్నీ పద్ధతిలో ఆరితేరినది. 1985లో భారతోత్సవాల సందర్భంగా అమెరికా వెళ్ళి అక్కడ చూచినవాటిని మిథిల గీతలోనే చిత్రించింది. క్యాన్సర్ సోకి ఢిల్లీలో చికిత్స పొందుతూ, ఆ ఆసుపత్రి అనుభవాన్నే ఒక చిత్రమాలికగా వేసింది. పెళ్ళిగది గోడకు పరిమితమైన విద్య ఒక స్త్రీ స్వీయచరిత్రకు భాష కావడం చిన్న విషయం కాదు. ఆమె 1991లో మరణించింది.

కాగితంతోపాటు దళారులూ వచ్చారు. దేవుళ్ళ బొమ్మలు త్వరగా అమ్ముడుపోతాయని, ఒకే బొమ్మ వందలసార్లు తక్కువ కూలికి వేయించడం ప్రబలింది. 1977లో మధుబని వచ్చిన అమెరికన్ పరిశోధకుడు రేమండ్ ఓవెన్స్ దీనికి విరుగుడుగా ఒక పద్ధతి అనుసరించాడు. మంచి ధర ఇచ్చి బొమ్మలు కొని, స్వదేశంలో అమ్మి, వచ్చిన లాభాన్ని మళ్ళీ ఆ బొమ్మ గీసినవారికే రెండవ చెల్లింపుగా ఇచ్చేవాడు. ఏ బొమ్మ ఎవరిదో లెక్క ఉంటేనే ఇది సాధ్యం. లెక్క ఉండాలంటే పేరు ఉండాలి.

మత్స్యకారుల కులంలో పుట్టిన దులారీదేవి చిత్రకారిణులు మహాసుందరీదేవి, కర్పూరీదేవిల ఇంట పనిమనిషిగా చేరి, వారిని చూచి నేర్చి, 2021లో పద్మశ్రీ పొందింది. ఆమె జీవితకథ ఆమె బొమ్మలతోనే 2010లో పుస్తకంగా వెలువడింది. ప్రచురించినది చెన్నైలోని తారా బుక్స్. ఆ సంస్థ మధ్యప్రదేశ్ గోండు చిత్రకారులతోను ఇదే రీతిలో పనిచేసింది. పాటన్‌గఢ్ గ్రామానికి చెందిన భజ్జూ శ్యామ్ లండన్‌లో తాను చూచినది గీయగా 2004లో పుస్తకమైంది. 2006లో వచ్చిన చెట్ల బొమ్మల పుస్తకాన్ని నల్లని చేతి కాగితంమీద, యంత్రంతో కాక, తెరఅచ్చుతో చేతులారా ముద్రించారు. వీటిలో చిత్రకారుడు కేవలం బొమ్మలు సరఫరా చేసినవాడు కాడు. అట్టమీద రచయితల సరసన అతని పేరున్నది. ప్రతులు ఎన్ని వేలైనా కావచ్చు, ప్రతి ప్రతిమీదా పేరు ఉంటుంది. నమూనా దూరం పోవడం వేరు, అనాథ కావడం వేరు అని చెప్పడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ దొరకడం కష్టం.

ఇక కంప్యూటర్ సంగతి. చేతితో గీసిన బొమ్మను స్కాన్ చేస్తే అది కోట్లాది చుక్కలుగా మారుతుంది. అంగుళానికి 300 చుక్కలు ఉంటే పుస్తకపు ముద్రణకు సరిపోతుంది. గీతలను గణిత సూత్రాలుగా మార్చే పద్ధతి మరొకటి; దానిలో బొమ్మను తపాలాబిళ్ళంత చేసినా గోడంత చేసినా అంచు చెదరదు. బట్టకోసం అయితే నమూనాను ఒక పలకగా కూర్చాలి. పలక కుడి అంచు మరొక పలక ఎడమ అంచుతో, పై అంచు క్రింది అంచుతో అతుకు తెలియకుండా కలవాలి. పెడన అచ్చు చెక్కేవారికి ఇది కొత్త విద్య కాదు. టేకు అచ్చును ప్రక్క ప్రక్కన అద్దినప్పుడు లత తెగకుండా సాగాలంటే చెక్కేటప్పుడే ఈ లెక్క వేసుకోవాలి. కంప్యూటర్ చేసినది ఆ లెక్కను కంటికి వెంటనే చూపడం. రంగు మార్చి చూడాలన్నా మళ్ళీ బట్ట తడపనక్కరలేదు.

ఇదే సౌకర్యం నకలు చేసేవారికీ ఉన్నది. కలంకారీ చీర ఫోటో ఒకటి చేజిక్కితే, దానిని శుభ్రపరచి పలకగా కూర్చి, సిరాను చిమ్మే యంత్రంతో గంటకు ఎన్నో గజాలు ముద్రించవచ్చు. ఆ బట్ట కలంకారీ అనే పేరుతోనే బజారుకు వస్తుంది. కొనేవారు తేడా గుర్తించడం అసాధ్యమేమీ కాదు. కలంతో గీసినదానిలో ఏ రెండు నెమళ్ళూ ఒకటిగా ఉండవు. గీత ఒకచోట లావు, ఒకచోట సన్నం. యంత్రముద్రణలో ఒక పువ్వురేకుకు లోపముంటే అదే లోపం ప్రతి పలకలోనూ అదే దూరంలో కనిపిస్తుంది. కలంకారీ రంగు బట్ట వెనుకకు దిగుతుంది. పైపైన చిమ్మిన సిరా వెనుక పాలిపోయి ఉంటుంది. అయితే అంగడిలో ఇంత పరీక్షించే తీరిక ఎంతమందికి ఉంటుంది? తేడా తెలిసినవారు సైతం ధర చూచి యంత్రపు బట్టనే కొనవచ్చు. దానిలో తప్పు లేదు. పేరు చెప్పి మోసగించడం తప్పు.

చట్టం ఏమంటున్నది? భౌగోళిక గుర్తింపు చట్టం 1999లో వచ్చి 2003 సెప్టెంబరులో అమలైంది. డార్జిలింగ్ తేయాకు మొదలు పోచంపల్లి, శ్రీకాళహస్తి, మచిలీపట్నం, చేర్యాల, మధుబని కళలన్నీ దాని క్రింద నమోదైనవి. ఇది ఊరి పేరును కాపాడుతుంది. ఆ ప్రాంతపు పద్ధతిలో తయారుకాని వస్తువుకు ఆ పేరు పెట్టరాదు. కాని ఒక కళాకారుడు నిరుడు కొత్తగా ఊహించిన నమూనాను అదే ఊరివారు నకలు చేస్తే ఈ చట్టం అడ్డుపడదు. అది అందరి హక్కు, ఒకరిది కాదు.

ఒకరి హక్కుకు 1957 నాటి కాపీరైటు చట్టం ఉన్నది. బొమ్మ గీసిన క్షణంనుంచే హక్కు పుడుతుంది. రిజిస్టరు చేయించడం తప్పనిసరి కాదు, చేయిస్తే సాక్ష్యంగా పనికివస్తుంది. కళాకారుని జీవితకాలం, ఆపైన 60 సంవత్సరాలు ఆ హక్కు ఉంటుంది. బొమ్మను అమ్మినంతమాత్రాన హక్కు అమ్మినట్లు కాదు. ఇక్కడివరకు ఊరటగానే ఉన్నది. చిక్కులు తర్వాత వస్తాయి.

మొదటి చిక్కు పదిహేడవ సెక్షన్‌లో ఉన్నది. ఎవరైనా ప్రతిఫలమిచ్చి ప్రత్యేకంగా ఒక పెయింటింగు వేయించుకొంటే, వేరే ఒప్పందం లేని పక్షంలో, దాని కాపీరైటుకు తొలి యజమాని వేయించుకొన్నవారే. ఇంటి పెళ్ళికి గణపతి బొమ్మ వేసి ఇచ్చిన చిత్రకారిణి, అదే బొమ్మ తర్వాత ఒక దుకాణపు సంచులమీద కనిపించినప్పుడు నివ్వెరపోతుంది. రెండు వాక్యాల కాగితం ముందుగా వ్రాసుకొనివుంటే ఆ స్థితి రాదు. రెండవ చిక్కు పదిహేనవ సెక్షన్. వస్తువులకు వాడే డిజైన్‌గా రిజిస్టరు చేయించదగిన నమూనాను అలా చేయించకుండా, హక్కుదారు గాని అనుమతి పొందినవారు గాని యంత్రవిధానంతో 50 సార్లకు మించి వస్తువులపై తీసినట్లయితే, ఆ నమూనాపై కాపీరైటు అంతరిస్తుంది. ఆ తర్వాత డిజైన్ల చట్టమే దిక్కు. 2000 నాటి ఆ చట్టం క్రింద రక్షణ 10 సంవత్సరాలు, పొడిగిస్తే మరో 5. అదీ ముందే నమోదు చేసినవారికి. బజారులో వెల్లడైన నమూనాను కొత్తదిగా నమోదు చేయరు. అందుచేత బట్టలమీద ముద్రించదలచిన డిజైన్‌ను ముందు చూపి తర్వాత నమోదు చేద్దామనుకొనడం పొరపాటు.

హక్కును వేరొకరికి ఇచ్చేటప్పుడు అది వ్రాతపూర్వకంగా ఉండాలి. ఎంతకాలమో వ్రాయకపోతే 5 సంవత్సరాలనీ, ఏ ప్రదేశమో వ్రాయకపోతే భారతదేశమనీ చట్టమే భావిస్తుంది. వర్తకులు చూపే కాగితాలలో అన్ని దేశాలకు, అన్ని కాలాలకు, అన్ని వస్తువులకు అనే మాటలు తరచు ఉంటాయి. శుభలేఖల అచ్చుకు మాత్రమే, ఒక సంవత్సరానికి మాత్రమే అని అనుమతించడం కూడా న్యాయమైన బేరమే. మూడవ మాట: హక్కులన్నీ అమ్మినా, ఇది నా కృతి అని చెప్పుకొనే హక్కు, దానిని వికృతపరచకుండా అడ్డుకొనే హక్కు కళాకారునికి మిగిలివుంటాయి. ఢిల్లీ విజ్ఞాన్ భవన్ గోడకు అమర్నాథ్ సెహగల్ రూపొందించిన కంచు శిల్పఫలకాన్ని 1979లో ఊడదీసినప్పుడు ఆయన న్యాయస్థానానికి వెళ్ళాడు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ శకలాలను శిల్పికి తిరిగి ఇవ్వాలనీ, 5 లక్షల రూపాయలు పరిహారం చెల్లించాలనీ తీర్పు చెప్పింది. ప్రతివాది కేంద్రప్రభుత్వమే.

శైలికి మాత్రం చట్టరక్షణ లేదు. మిథిల పద్ధతిలో బొమ్మ వేసే హక్కు అందరికీ ఉన్నది. ఇటీవలి కాలంలో లక్షలాది చిత్రాలను పోగుచేసుకొని, మధుబని రీతిలో ఏనుగు అని టైపు చేయగానే బొమ్మ తయారుచేసే కంప్యూటర్ విధానాలు వచ్చినవి. ఆ పోగులో ఎవరి బొమ్మలు ఉన్నవో, వారికి ఏమి చెల్లాలో అన్నది పలు దేశాల న్యాయస్థానాలలో వివాదంగా ఉన్నది. 1742 నాటి ఉత్తరంలోని రంగులవారి స్థితికీ దీనికీ పోలిక చూడడం అన్యాయం కాదు.

హక్కుకంటె ముందు ధర. చీర ఒకటి గీయడానికి 20 రోజులు పట్టిందనుకొందాము. రోజుకు 600 రూపాయల చొప్పున కూలి 12,000. బట్ట, రంగులు, ఉతుకు 3,000. మొత్తం 15,000. పలువురు కళాకారులు దీనినే ధరగా చెప్పి సంతోషిస్తారు. కాని వర్షంలో రంగు చెడిన చీర, సంతకు పోయి వచ్చిన ఖర్చు, కొత్త నమూనా ఆలోచిస్తూ గడచిన వారం, సరుకు తీసుకొని అమ్మిన తర్వాత డబ్బిచ్చే దుకాణం ఆపివుంచిన మూడు నెలలు, ఇవి ఎవరు భరిస్తారు? ఇవన్నీ లెక్కలో లేని ధర కూలి మాత్రమే. డిజిటల్ నమూనా ఇక్కడ తోడు నిలువగలదు. చేతితో గీసిన అసలు చిత్రం ఒకరికే, తగిన ధరకు. దానినుంచి ముద్రించిన కార్డులు, చిన్న పటాలు పదిమందికి, తక్కువ ధరకు. ఏది చేతితో గీసినదో, ఏది చేతి బొమ్మనుంచి అచ్చయినదో చీటీమీద స్పష్టంగా వ్రాస్తే కొనేవారి నమ్మకం చెడదు. పాత కాలపు జాడలు చెదలకు, వర్షానికి పోయినట్లుగా కాక, కుటుంబపు నమూనాలను తేదీతో సహా భద్రపరచడానికీ కంప్యూటర్ పనికివస్తుంది. వివాదం వచ్చినప్పుడు ఆ తేదీయే మాట్లాడుతుంది.

అన్నీ తెరమీదకు రావు. కచ్ ప్రాంతపు అజ్రఖ్ అద్దకందారులు 2001 భూకంపం తర్వాత తమ ధమడ్కా గ్రామంలో నీటిలో ఇనుము పెరిగి రంగులు చెడడం గమనించి, అనువైన నీరున్న చోట అజ్రఖ్‌పూర్ అనే కొత్త ఊరు కట్టుకొన్నారు. ఆ ఖత్రీల పూర్వులు సింధునుంచి వచ్చినవారు. సరిహద్దుకు ఆవల సింధులో నేటికీ అదే అద్దకం సాగుతున్నది. నమూనాను ఫైలుగా పంపవచ్చు. నీటిని పంపలేరు. అదే కచ్‌లో 2005లో ప్రారంభమైన కళారక్షా విద్యాలయం వృత్తిపనివారికే డిజైన్ విద్యను గుజరాతీలో బోధించింది. ఊహించేవాడు నగరంలో, చేసేవాడు గ్రామంలో అనే విభజనను అది ప్రశ్నించింది. ఆంధ్ర, తెలంగాణలలో అటువంటి బోధన తెలుగులో విస్తృతంగా జరగవలసివున్నది.

మిథిలకు ఆవల, నేపాల్‌లోని జనక్‌పూర్‌లో 1989నుంచి స్త్రీల కేంద్రమొకటి నడుస్తూ వచ్చింది. అక్కడి బొమ్మలు, మధుబని బొమ్మలు అక్కచెల్లెళ్ళు. ఏది ఎవరిదో గీతను బట్టి చెప్పడం పరిశీలకులకే కష్టం. మూలలో ఉన్న పేరును చూడవలసిందే.

శ్రీకాళహస్తి తెరలలో పాత్రల పేర్లు, కథాసందర్భాలు తెలుగులో బొమ్మల మధ్య పట్టీలలో వ్రాసివుంటాయి. రాముడెవరో, జటాయువు ఎవరో చదివి తెలుసుకొనవచ్చు. గీసినవారి పేరు, ఉంటే, క్రింద ఒక మూల. ఫోటో తీసి మరముద్రణకు పంపేవారు ముందుగా కత్తిరించేది ఆ మూలనే. కథ పేర్లు వ్రాసే ఆ పట్టీలోనే, బొమ్మను చెడగొట్టకుండా తీసివేయరాని చోట, తన పేరూ ఊరూ కూడా వ్రాసుకొనడానికి సంప్రదాయంలో ఏ అడ్డూ లేదు.